నీళ్ళ వేళ

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
చట్రాలు బిగించడం నా పని.
రోజుకి నూట ఇరవై.
గోళ్ళ సందుల్లో నల్లపొడి,
దగ్గితే కొంగు మీదా అదే నలుపు.

ఆ ఏడు, వానలకి ముందు, కూలి పంచే శనివారం
దేవసహాయం పాస్టరుగారు సైకిలు దిగి
"నాగూరమ్మా, అంచులు పోయినవైనా సరే,
ఇరవై పలకలు కావాల" అన్నాడు.
బడి పెడతన్నారా అయ్యా అంటే
"పెద్దోళ్ళకి" అన్నాడు.

అప్పటికి నేరేళ్ళపెంటలో
మండ్ల ఈదన్న పోయి తొమ్మిది రోజులు.
తేనెకి పోయి కాదు, వేటకి పోయి కాదు,
చెలమలో బిందె ముంచతా పోయాడు.
మేం కాదన్నారు లోపలోళ్ళు.
మేం కాదన్నారు జీపులోళ్ళు.
బిందె ఎవర్నీ ఏమీ అనలేదు.
నిండేదాకా తేలి, ఆనక మునిగింది.

దోర్నాల దాటితే ఊళ్ళన్నీ అట్నే ఉండేయి.
రాత్రి తలుపు తట్టినోళ్ళకి ఇంత సంగటి పెడితే
తెల్లారి ఇంకొకళ్ళొచ్చి
"ముగ్గురున్న కొంపలో ఇంత గిన్నె ఎందుకే" అనేవాళ్ళు.
పగలు మజ్జిగ పోస్తే
రాత్రోళ్ళు ఆ చెంబుని గుర్తుపట్టేవాళ్ళు.

చర్చి అరుగు మీద ముగ్గురూ కూర్చున్నారు.
పలకలు తుడిచిస్తా నేనూ ఉన్నాను.
వాక్యం రాద్దామన్నాడు పాస్టరుగారు.
శ్లోకమైతే బాగుంటుందన్నాడు తిరువేంగళాచార్లు.
కళ్ళద్దాల కాడ ఊడిపోతే దారంతో చెవికి కట్టుకున్న మస్తాన్ సాయిబు
చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత
"దేవుడి పేరు రాస్తే ఎవరి దేవుడంటారు.
నీళ్ళ పేరు రాయండి" అన్నాడు.

చెలమ దగ్గర కాల్చొద్దు.
బడిలో దిగొద్దు.
అన్నం పెట్టిన చేతిని లెక్కడగొద్దు.
పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా నీళ్ళ వేళ.

బలపమైతే మొదటి జల్లుకే పోతుంది,
మేకుతో గీయండని చెప్పింది నేనే.
ఇరవై పలకలు గీసేసరికి
ఆచార్లు బొటనవేలు బొబ్బెక్కింది.

పద్దెనిమిది పలకలు ఏమయ్యాయో తెలీదు.
రెండు తిరిగొచ్చాయి.
ఒకటి స్టేషను వరండా నుంచి,
ఒకటి అడవిలో ఇప్పచెట్టు మొదట్లోంచి.
రెండింటి వెనకా బలపంతో ఒకే మాట:
"ముందు వాళని అడగండి."
'ళ' కింద ఒత్తు ఇద్దరూ మర్చిపోయారు.
ఒకే బడిలో కూర్చున్నారో ఏమో,
మేం చేసిన పలకల మీదే దిద్దుకున్నారో ఏమో.

ఆచార్లు నవ్వాడు.
నవ్వీ నవ్వీ
ఉత్తరీయం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు పాస్టరుగారు ఇప్పచెట్టు పలక
తీసుకెళ్ళి స్టేషన్లో ఇచ్చాడు.
సాయిబు స్టేషను పలక సంచిలో వేసుకుని
ఒక్కడే అడవిదారి పట్టాడు.
"అడగమన్నారు, అడిగాం.
వాళ్ళూ ఇదే అన్నారు."
అంతకు మించి ఒక్క మాట చెప్పలేదంట ఇద్దరూ.

సరేనని ఎవరూ కబురంపలేదు.
కానీ ఆ పైన పదకొండు పొద్దులు
ఆరుకీ ఎనిమిదికీ మధ్య
కొండ మీంచి బిందెల చప్పుడొక్కటే వినపడింది.
ఈదన్న పెళ్ళాం గురవమ్మ
ఆ బిందెనే తీసుకెళ్ళింది, సొట్ట కూడా తీయించకుండా.
మొదటి రోజు పరిగెత్తి వచ్చిందంట.
నాలుగో రోజు చెలమ గట్టున కూర్చుని
పిల్లకి తల దువ్విందంట.

పన్నెండో నాటి సంగతి నేను చెప్పను.

ముగ్గురిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. ఫ్యాక్టరీ మూతపడింది.
తిరిగొచ్చిన రెండిట్లో ఒక పలక
చట్రం పోయి మా ఇంట్లోనే ఉంది,
మంచినీళ్ళ కుండ మీద మూతగా.
వెనక బలపం మాట ఎప్పుడో చెరిగిపోయింది.
చీకట్లో నీళ్ళకి లేచినప్పుడు
మేకు గీతలు వేళ్ళకి తగుల్తాయి.
"కాల్చొద్దు" దాకా తడుముకుని
మూత తీస్తాను.